రాకుమారుడు గుమ్మంలోనే ఎందుకు కూర్చున్నాడు?

మిర్యాలగూడ పక్కన ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రూళ్ల కాగితాలు నాలుగు, రెండు వైపులా నిండుగా రాసి ఉన్నాయి. పేర్లు, గుర్తులు తీసేసి సారం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

రాసినామెకు 29 ఏండ్లు. డిగ్రీ అయింది, బీఈడీ మధ్యలో ఆగింది. పెండ్లయి ఆరేండ్లు, నాలుగేండ్ల పాప ఉంది. భర్త రైస్ మిల్లులో సూపర్‌వైజర్. వానాకాలం వడ్లు దిగినప్పటి నుంచి మిల్లు రాత్రింబగళ్లు నడుస్తోంది. ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. "రెప్పల మీద గూడ తవుడు దుమ్ము ఉంటదక్కా. కండ్లు కడుక్కొని, ఫోన్ చూసుకుంట అన్నం తింటడు. చెడ్డోడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి నా చేతుల్నే పెడ్తడు. కానీ మాటల్లేవు" అని రాసింది.

పాప పడుకున్నాక, ఆయన వచ్చేలోపు ఆమెకు రెండు గంటలు దొరుకుతాయి. ఆ రెండు గంటల్లో ఫోనులో ఒక సీరియల్ చదువుతోంది. రోజుకొక భాగం వస్తుంది. నూరేండ్లు నిద్రపోయే రాకుమారి కథ మనందరికీ తెలిసిందే. దాన్నే పెద్దవాళ్ల కోసం ప్రేమకథగా తిరగరాశారు. మంత్రాలు, శాపాలు, కోట చుట్టూ ముండ్లకంచె అన్నీ ఉన్నాయి. రాకుమారుడు కంచె దాటి, చేతులు చీరుకుపోయి, ఆమె గది దాకా వస్తాడు. ముద్దు పెడితే శాపం పోతుందని మంత్రగత్తె ముందే చెప్పింది. అయినా ఆయన గుమ్మం దాటడు. "నిద్రలో ఉన్న మనిషి సరేనని ఎట్ల అంటుంది?" అని అక్కడే కూర్చుంటాడు. కలలోకి పోయి ఆమెను అడిగే దారి దొరికేదాకా, రాత్రి తర్వాత రాత్రి, ఆ గుమ్మంలోనే కూర్చుంటాడు. ఆ భాగం చదివి తను ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాననీ, ఎందుకు ఏడ్చిందో తనకే తెలియలేదనీ రాసింది.

తర్వాత ఒక పొద్దున భర్త ఆమె ఫోను తీసుకున్నాడు. పది భాగాల తర్వాత, కలలోనే జరిగే ప్రణయ సన్నివేశం తెరిచి ఉంది. మంచం అంచున కూర్చుని అర పేజీ చదివాడు. ఫోను బోర్లా పెట్టి, "నేను సాలుతలేనా నీకు?" అన్నాడు. అది జరిగి పన్నెండు రోజులు. అవసరానికి తప్ప మాట లేదు. విషయం అత్తమ్మకు తెలిసింది. "పిల్లతల్లివయినంక రాకుమారుల కథలేందే" అంది. ఆ యాప్ తీసేయమని అమ్మ చెప్తోంది. తీసేయకు, తాళం పెట్టుకో అని చెల్లెలు చెప్తోంది. "చదువుడు తప్పా అక్కా? ఆ రాకుమారుని కోసం ఏడ్చిన అంటే నాకు మా ఆయన మీద ప్రేమ లేనట్టేనా? నన్ను ఏం చెయ్యమంటవు?" ఇవీ ఆమె ప్రశ్నలు.

*

చెల్లె,

నీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశావు. అడ్డంగా, నిలువుగా గీతలు గీశావు. కానీ పెన్ను గట్టిగా నొక్కి రాశావు కాబట్టి కాగితం తిప్పి చూస్తే చేతికి తగిలింది. చదివాను. నువ్వు కొట్టేసిన మాట కనుక ఇక్కడ వేయను. నువ్వు రాసినవి నాలుగు పేజీలైనా నా జవాబు మాత్రం ఆ ఒక్క వాక్యానికే.

ముందు కథ గురించి మాట్లాడతాను. నువ్వు చదివేది పిల్లల కథకు పట్టిన తెగులు కాదు. ఆ కథ పుట్టినప్పటి నుంచీ మారుతూనే ఉంది, ఎట్లా మారిందో నీకు తెలియాలి.

1634-36 మధ్య ఇటలీలో అచ్చయిన బసీలే అనే రచయిత కథల్లో ఈ రాకుమారి పేరు తాలియా. అవిసె నార ముక్క గోటి కింద గుచ్చుకుని నిద్రలో పడిపోతుంది. వేటకు వచ్చిన రాజు ఆమెను చూస్తాడు, లేపుదామంటే లేవదు. ఆ నిద్రలోనే ఆమెను అనుభవించి తన రాజ్యానికి పోతాడు. ఆయనకు అప్పటికే పెండ్లయింది. తాలియా నిద్రలోనే కవలల్ని కంటుంది. పాల కోసం తడుముకున్న బిడ్డ తల్లి వేలు చీకితే ఆ నార ముక్క ఊడివస్తుంది, అప్పుడు కళ్లు తెరుస్తుంది. అంటే ఆమెను లేపింది రాజు కాదు, ఆకలైన పసిబిడ్డ. అప్పటి కథ రాజు చేసిన పనిని తప్పు పట్టలేదు. ఈ కథ మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అరవై ఏండ్ల తర్వాత, 1697లో ఫ్రాన్సులో పెరో అనే రచయిత మళ్లీ రాశాడు. ఆయన కథలో ముద్దు లేదు. రాకుమారుడు ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాడు, అప్పటికి శాపం గడువు తీరింది కాబట్టి ఆమె తనంతట తనే లేస్తుంది. లేచాక ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకుంటారు, అయినా మాటలు ఒడవవు. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరుల పుస్తకంలో ముద్దు వచ్చింది. మీ పాప బొమ్మల పుస్తకంలో ఉండేది అదే. ఇప్పుడు నీ ఫోనులోకి వచ్చిన రాకుమారుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. దాదాపు నాలుగు వందల ఏండ్లు పట్టింది చెల్లె, ఆ మొగాయన గుమ్మం దగ్గర ఆగి అడగడానికి.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా ముందే ఆడవాళ్లకు తట్టింది. ఊర్మిళాదేవి నిద్ర పాట ఎప్పుడన్నా విన్నావా? నాకు వనపర్తిలో ఒక టీచరమ్మ పాడి వినిపించింది, ఆమెకు వాళ్ల అమ్మమ్మ నేర్పిందట. లక్ష్మణుడు అడవికి పోయిన పద్నాలుగేండ్లూ ఊర్మిళ నిద్రలోనే ఉంటుంది. ఆయన తిరిగొచ్చి మంచం దగ్గరకు వస్తే, నిద్రమత్తులో మొగుణ్ని గుర్తుపట్టదు. ఎవరయ్యా నువ్వు, పరాయి ఆడదాని గదికి ఎట్లా వచ్చావు అని గద్దిస్తుంది. పరస్త్రీని కోరి ఇంద్రుడు ఏమయ్యాడో, రావణుడు ఏమయ్యాడో చెప్తుంది. లక్ష్మణుడంతటి వాడు నిలబడి, తనెవరో చెప్పుకోవాల్సి వస్తుంది. తాళి కట్టినవాడే. అయినా ఆ పాటలో ఆమె లేచి, గుర్తుపట్టి, సరేననే దాకా ఆగాడు. ఇది ఎవరో పండితుడు కట్టిన శాస్త్రం కాదు, ఇంట్లో ఆడవాళ్లు పాడుకున్న పాట.

ఉన్న కథను తిరిగి చెప్పడం తప్పయితే మన పాలమూరు గడ్డకు మొదట పేరే ఉండేది కాదు. కాకతీయుల కాలంలో వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశంలో పుట్టిన బుద్ధారెడ్డి, పదమూడో శతాబ్దంలో ద్విపదలో రామాయణం చెప్పాడు. వాల్మీకంలో లేని ఉడుతను వారధి దగ్గరికి తెచ్చి ఇసుక మోయించాడు. ఇవాళ ఉడుత లేని రామాయణం ఏ ఇంట్లోనైనా చెప్తారా? పాత కథ కొత్త నోట పడ్డప్పుడు, ఆ నోటికి ఏది లోటో అది వచ్చి చేరుతుంది. నువ్వు చదివిన కథలోకి 'అడగడం' వచ్చి చేరింది. నువ్వు దాని దగ్గరే ఏడ్చావు.

అది చూడు. కత్తి తిప్పినప్పుడు ఏడవలేదు, కోట మెరిసినప్పుడు ఏడవలేదు. ప్రణయ ఘట్టాలు చదివేటప్పుడు సిగ్గు, నవ్వు వచ్చాయని నువ్వే రాశావు. ఏడ్చింది ఆయన గుమ్మంలో కూర్చున్నప్పుడు. అంటే నీకు కావాల్సింది రాకుమారుడు కాదు చెల్లె, ఆ అడగడం. కొట్టేసిన వాక్యంలో ఉన్నదీ అదే. మీ ఆయన మీద ప్రేమ లేదని దీనికి అర్థం కాదు. ప్రేమ లేకపోతే రెప్పల మీది తవుడు దుమ్ము నీ కంట పడేది కాదు.

ఈ రకం కథల గురించి నా మనసులో ఉన్న ఇంకో మాట కూడా దాచుకోను. నీలాంటి పిల్లలు రాసే ఉత్తరాల వల్ల నేనూ చాలా చదివాను. అన్నీ ఒకటి కావు. కొన్నింట్లో మొగాయన ఆమెను ఎత్తుకొచ్చి కోటలో బంధిస్తాడు, ఎవరితో మాట్లాడినా మండిపడతాడు, నూరు పేజీల తర్వాత అదంతా ప్రేమ కిందే లెక్క అని తేలుస్తారు. అవి చదివేటప్పుడు జాగ్రత్త. అందులో ఉండేదీ ఏలుబడే, కాకపోతే పట్టుబట్ట కట్టుకుని వస్తుంది. మంచి కథల్లో ఉండే రాకుమారుడికి కూడా నీ ఇంటి కష్టం తెలియదు. ఆయనకు వడ్ల లారీలు ఎదురు నిలబడవు, తేమ ఎక్కువుందని రైతుతో తగువు ఉండదు, పాప ఫీజు లేదు. నువ్వు నోరు తెరవకముందే నీ మనసు చదువుతాడు, ఎందుకంటే ఇద్దరి మాటలూ రాసేది ఒక్క చెయ్యే. మీ ఆయన అట్లా చదవలేదని బాధపడకు. చెప్పకుండా తెలుసుకోవడం ఏ మనిషి వల్లా కాదు. అడగడం మాత్రం ఏ మనిషి వల్లనైనా అవుతుంది. మిల్లులో పని చేసే మనిషి వల్ల కూడా.

ఇక ఆయన అన్న మాట. "నేను సాలుతలేనా నీకు?" నీకది నిష్ఠూరంలా వినిపించింది, పన్నెండు రోజులుగా నువ్వు ముద్దాయిలా తిరుగుతున్నావు. నేను ఆ మాటను మూడుసార్లు చదువుకున్నాను. నాకు భయం వినిపించింది. కథ మొదలు తెలియదు, నడిమిట్ల అర పేజీ చూశాడు. అందులో ఒక అందగాడు, అతని చేతుల్లో ఒక ఆడమనిషి. పగలంతా దుమ్ములో నిలబడి వచ్చే మనిషి తనను తాను ఆ పక్కన నిలబెట్టి చూసుకున్నాడు. ముద్దు చూశాడు గానీ, దానికి ముందు ఆ రాకుమారుడు ఎన్ని రాత్రులు బయట కూర్చున్నాడో ఆయనకు తెలియదు. నీకు నచ్చింది ఏదో ఆయనకు తెలియనే తెలియదు.

ఇప్పుడు నీ ముందు ఉన్న దారులు చూద్దాం.

అమ్మ చెప్పినట్టు యాప్ తీసేస్తే ఇంట్లో మాటలు తొందరగా మొదలవుతాయి. రెండు రోజుల్లో అంతా మామూలే అవుతుంది. కానీ ఆ 'మామూలు' గురించే కదా నువ్వు కొట్టేసిన వాక్యం రాసింది. పైగా, తప్పు చేశానని నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది. రేపు ఇంకేదన్నా చదివినా, బీఈడీ మళ్లీ కడతానన్నా అదే చూపు ఎదురవుతుంది. అయినా ఈ నెల ఒళ్లు, మనసు రెండూ అలిసిపోయి గొడవ వద్దనుకుంటే, కొన్నాళ్లు పక్కన పెట్టు. అది ఓటమి కాదు. ఒట్టు మాత్రం వేయకు.

చెల్లెలు చెప్పినట్టు తాళం పెట్టుకోవడం నాకు బాగా తెలిసిన దారి. పెండ్లయిన కొత్తలో నేను అద్దె షాపు నవలలు బియ్యం డబ్బాలో దాచి చదివేదాన్ని. పుస్తకం అట్ట మీద, పేజీల సందుల్లో బియ్యపు పొట్టు. తిరిగి ఇచ్చేటప్పుడు షాపతను దులిపి తీసుకునేవాడు. ఏడాదిన్నర ఎవరికీ దొరకలేదు. కానీ ఆ ఏడాదిన్నరా వెనక అడుగుల చప్పుడు వింటూనే చదివాను, ఒక్క కథ కూడా నెమ్మదిగా చదవలేదు. దాచిన కొద్దీ, తప్పు పని చేస్తున్నానని నాకే అనిపించేది. నీ ఫోను మీద తాళం చూసిన రోజు మీ ఆయన అనుకునేది సీరియల్ గురించి కాదు, మనిషి గురించి. ఆ అనుమానం ఈ కోపం కంటే చాలా పెద్దది.

"నా ఇష్టం, చదువుకుంట" అని నిలబడడం ఇంకో దారి. నీకు ఆ హక్కు ఉంది, నేనందులో వెనక్కు తగ్గను. పిల్లతల్లివైతే కథలు వదిలేయాలని ఎక్కడా లేదు. కాకపోతే భయపడ్డ మనిషికి హక్కు చెప్తే సవాలులా వినిపిస్తుంది. మాట గెలుస్తావు, మౌనం ఇంకో పన్నెండు రోజులు సాగొచ్చు.

నా మనసు మొగ్గేది వేరే దారికి. కథను ఆయనకు చెప్పు. చదవమని ఫోను చేతికివ్వకు, నోటితో చెప్పు. ఆయన అన్నం తినేటప్పుడు, పాపకు చెప్పినట్టే, మొదటి నుంచి. ఒగ్గు కథలు, బాలనాగమ్మ కథలు విని పెరిగిన ఊళ్లే మనవి. మంత్రగాళ్లు, శాపాలు ఆయనకు కొత్తేం కాదు. గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు ఆగి, "నాకు ఇక్కడ ఏడుపొచ్చింది" అను. అంతే. ఎందుకని ఆయన అడిగితే మంచిదే, అడగకపోతే ఆ రోజుకు వదిలెయ్. అర పేజీ చూసి ఆయన కట్టుకున్న కథ ఒకటుంది. దాని స్థానంలోకి అసలు కథ పోవాలి ముందు.

రెండో మాట వేరే రోజు. మిల్లు బంద్ ఉన్న రోజు, పాపను అత్తమ్మ దగ్గర వదిలి, పగటిపూట. మంచం మీద, రాత్రి వేళ ఆ మాట ఎత్తకు. పెద్ద మాటలు వద్దు. "నువ్వు దగ్గరకొచ్చేటప్పుడు నాకిష్టమేనా అని ఒక్కసారి అడుగు. నేను వద్దంటే అలిసిపోయిన అని, నువ్వంటే వద్దని కాదు" అని నీ భాషలో నువ్వే చెప్పు. ఆయన నవ్వి కొట్టిపారేయొచ్చు. "ఆరేండ్ల నుంచి లేంది ఇప్పుడేంది" అనొచ్చు. సిగ్గుతో రెండు మూడు రోజులు మొహం చాటేయొచ్చు. చాలామంది మగవాళ్లకు అడగడం ఎవరూ నేర్పలేదు. భార్యను అడగడమేంది అన్న ఇండ్లలోనే పెరిగారు. మొదట ఆ మాట ఆయన నోటికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మొహం చాటేసినంత మాత్రాన నిరాశపడకు. మాట లోపలికి పోయి పని చేయడానికి టైం పడుతుంది.

కానీ నీ 'వద్దు'కు కోపమో, బలవంతమో, బెదిరింపో జవాబైతే అది ఇక కథల సంగతి కాదు, నేను పైన చెప్పిన ఓపిక దానికి పనికిరాదు. 2005 గృహహింస చట్టం భర్త చేసే లైంగిక హింసను కూడా హింసగానే లెక్కించింది. 181 ఆడవాళ్ల హెల్ప్‌లైన్ నంబరు, సర్కారు నడిపే సఖి కేంద్రంలో కౌన్సెలింగూ న్యాయ సలహా దొరుకుతాయి. నీ ఉత్తరంలో అట్లాంటిది నాకు కనిపించలేదు. కనిపించనిది లేదని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను కాబట్టి నంబరు రాస్తున్నాను.

అత్తమ్మతో వాదించకు. వీలు చూసుకుని, చిన్నప్పుడు ఏ కథలు విన్నదో అడుగు. ఎవరూ ఆమెను అడిగి ఉండరు.

ఆఖరి పేజీ చివర చిన్న అక్షరాలతో ఒకటి అడిగావు. ఆ సీరియల్ ఆయన చూసిన భాగం దగ్గరే ఆపేశావట, మిగతాది చదవొచ్చా అని. చదువు. ఆయనకు గుమ్మం దాకా కథ చెప్పినంక చదువు, వీలైతే మిగతాది కూడా ఆయనకు చెప్పుకుంటూ చదువు. నాకూ తెలుసుకోవాలని ఉంది. ఆ పిల్ల నిద్ర లేచి, గుమ్మంలో కూర్చున్న మనిషిని చూసి మొదట ఏమంటుందో ఒక కార్డు ముక్క రాయి.

నీ అక్క